పరిశోధన పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

పరిశోధన పుస్తకం పాఠకుల దాకా వెళ్లకపోతే చాలాసార్లు ఆ తప్పు రచనది కాదు. చదవకుండా సంతకం పెట్టిన ఒప్పందం, అనుమతి అడగని ఫోటో, ఊరికే వస్తోందని తీసుకున్న ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య), కేటలాగులో ఖాళీగా వదిలేసిన గడులు దాన్ని దారిలోనే ఆపేస్తాయి. ఇవన్నీ అచ్చుకు ముందే తేల్చుకోవాలి. తర్వాత సరిదిద్దాలంటే డబ్బు ఖర్చవుతుంది, కొన్నింటిని ఎంత ఖర్చు పెట్టినా సరిదిద్దలేం. యూనివర్సిటీ ప్రెస్‌కు ఇచ్చేవారికీ సొంతంగా ప్రచురించుకునేవారికీ ఈ పనుల్లో సగానికి పైగా ఒకటే. అందుకే రెండు దారులనూ కలిపి చెబుతున్నాం.

ప్రెస్‌కు ప్రతిపాదన పంపేటప్పుడు

ఒకే అంశం మీద లోతుగా రాసిన విద్వత్ గ్రంథాలకు ప్రధాన కొనుగోలుదారులు లైబ్రరీలే. పత్రికల చందాలు పెద్ద ప్యాకేజీలుగా మారి లైబ్రరీ బడ్జెట్‌లో ఎక్కువ వాటా తీసుకున్నకొద్దీ పుస్తకాలకు మిగిలేది తగ్గింది. పైగా ఇప్పుడు చాలా లైబ్రరీలు ఇ-బుక్‌ను ముందు కేటలాగులో చూపించి, పాఠకుడెవరైనా తెరిచి కొంత చదివాకే డబ్బు కడుతున్నాయి. అందుకే ప్రెస్‌లు కొన్ని వందల ప్రతులకు మించి వేయడం లేదు. కొన్ని సంస్థలైతే ఆర్డరు వచ్చాకే ఒక్కో ప్రతి అచ్చు వేస్తున్నాయి. ముందు లైబ్రరీల కోసం ఎక్కువ ధర పెట్టి హార్డ్‌బౌండ్, ఏడాది ఏడాదిన్నర తర్వాత పేపర్‌బ్యాక్ తేవడం మామూలైంది. మీ ప్రతిపాదన చదివే ఎడిటర్ మనసులో ఈ లెక్కంతా ఉంటుంది.

కాబట్టి ప్రతిపాదన అంటే థీసిస్ సారాంశం కాదు. పుస్తకం ఏం వాదిస్తోందో మొదటి పేరాలోనే చెప్పండి. ఒక్కో అధ్యాయానికి 150 నుంచి 250 మాటల పరిచయం రాయండి. దానికి దగ్గరగా ఉన్న నాలుగైదు పుస్తకాల పేర్లు చెప్పి, మీది వాటికి ఎక్కడ తేడానో రాయండి. ‘ఈ అంశంపై ఇంతవరకూ ఏ పుస్తకమూ లేదు’ అంటే ఎడిటర్‌కు పాఠకులే లేరన్నట్టు వినిపిస్తుంది. మొత్తం మాటలు ఎన్ని (నోట్సు, గ్రంథసూచి కలుపుకుని), బొమ్మలు ఎన్ని, పట్టికలు ఎన్ని, రాతప్రతి ఏ నెలకు పూర్తవుతుంది అనేవి అంకెల్లో ఇవ్వండి. 80 వేల నుంచి లక్ష మాటల మధ్య ఉంటే చాలా ప్రెస్‌లకు ఇబ్బంది ఉండదు. లక్షన్నర దాటితే అచ్చు ఖర్చు పేరుతో తగ్గించమంటారు.

థీసిస్‌ను పుస్తకంగా మార్చేటప్పుడు ముందుగా పోవాల్సింది పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయం. పరీక్షకులకు మీరు చదివారని చూపించడానికి రాసిన భాగం అది, పుస్తకం కొన్న మనిషికి దానితో పనిలేదు. అవసరమైన మూడు నాలుగు పేరాలను వాదన నడిచే చోట కలిపేసి మిగతాది తీసేయండి.

ప్రతిపాదనను ఒకేసారి రెండు మూడు ప్రెస్‌లకు పంపవచ్చు, కాకపోతే ఆ సంగతి ఉత్తరంలో చెప్పాలి. పూర్తి రాతప్రతి పీర్ రివ్యూకు (అదే రంగపు నిపుణుల సమీక్షకు) వెళ్లాక మాత్రం ఒక్కచోటే ఉండాలి. ఆ నియమం తప్పినట్టు తెలిస్తే రెండు చోట్లా తలుపులు మూసుకుపోతాయి. సాధారణంగా ఇద్దరు సమీక్షకులు చదువుతారు. వారి నివేదికలకు మీరు రాసే జవాబును ప్రెస్ ఎడిటోరియల్ బోర్డు కూడా చదువుతుంది కాబట్టి ప్రతి సూచనకూ ‘ఇలా మారుస్తాను’ లేదా ‘ఈ కారణం వల్ల మార్చను’ అని విడివిడిగా రాయండి. మర్యాదగా కాదనడానికి వెనకాడకండి. అన్నింటికీ సరేనని తలూపిన జవాబు చూస్తే రచయితకు తన వాదన మీదే పట్టులేదనిపిస్తుంది.

సమీక్ష లేకుండా వారంలో ఒప్పుకుంటామని ఈమెయిల్ పంపి, ఆ వెంటనే డబ్బు అడిగే సంస్థలు కూడా ఉన్నాయి. థింక్ చెక్ సబ్మిట్ అనే ప్రచారోద్యమం పుస్తకాలకు కూడా ఒక ప్రశ్నావళి తయారుచేసింది, సంతకం పెట్టే ముందు ఆ ప్రశ్నలన్నీ వేసుకోండి. ఆ సంస్థ వేసిన పుస్తకం ఒకటి తెప్పించుకుని ఇండెక్స్ ఉందా, ప్రూఫులు ఎవరైనా చూశారా అని మీ కళ్లతో చూసుకోండి.

ఒప్పందంలో నాలుగు చోట్ల

మొదటిది, కాపీరైట్. చాలా ఒప్పందాలు కాపీరైట్‌నే బదిలీ చేయమంటాయి. ప్రచురించే లైసెన్సు మాత్రమే ఇచ్చి కాపీరైట్ మీ దగ్గరే ఉంచుకుంటానని అడగండి. ఒప్పుకునే ప్రెస్‌లు తక్కువేమీ కాదు. ఒప్పుకోకపోతే అనువాదం, ఆడియో, ఒక అధ్యాయాన్ని సంస్థాగత రిపాజిటరీలో (మీ సంస్థ ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకునే వెసులుబాటు ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. ఏ హక్కు ఎవరి దగ్గరుందో కాగితం మీద లేకపోతే ఆ హక్కును ఎవరూ వాడుకోలేరు.

రెండోది హక్కులు తిరిగి రావడం. పాత ఒప్పందాల్లో ‘పుస్తకం స్టాకు అయిపోయి మళ్లీ అచ్చు వేయకపోతే హక్కులు రచయితకు’ అని ఉండేది. ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చాకే అచ్చు వేసే పద్ధతి) వచ్చాక ఆ వాక్యానికి విలువ లేకుండా పోయింది. ఫైలు సర్వర్‌లో ఉన్నంతకాలం ఏ పుస్తకమూ ‘అచ్చులో లేదు’ అనిపించుకోదు. కాబట్టి షరతును అమ్మకాలకు ముడిపెట్టాలి: ‘వరుసగా 12 నెలల్లో అన్ని రూపాల్లో కలిపి ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్ముడైతే, రచయిత రాతపూర్వకంగా అడిగిన 90 రోజుల్లో హక్కులు తిరిగి ఇవ్వాలి.’ అంకె ఎంతన్నది బేరాన్ని బట్టి ఉంటుంది, కానీ ఏదో ఒక అంకె తప్పకుండా ఉండాలి. ఒప్పందం మొత్తంలో ఒక్క మార్పే అడగగలిగితే దీన్నే అడగండి.

మూడోది రాయల్టీ. ముద్రిత ధర మీదా, ప్రచురణకర్తకు చేతికొచ్చిన మొత్తం మీదా? పదిశాతం అనే మాట రెండుచోట్లా ఒకేలా కనిపిస్తుంది. పుస్తకం ధర 100 అనుకుని, అమ్మకందారులకు 50 శాతం తగ్గింపు పోతే మొదటి లెక్కలో మీకు 10, రెండో లెక్కలో 5.

నాలుగోది కొత్తగా వచ్చిన చిక్కు, ఏఐ. 2024లో విద్వత్ ప్రచురణ సంస్థ టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ ఇన్ఫార్మా తన పాఠ్యాన్ని ఏఐ అవసరాలకు వాడుకునేలా మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించింది. ఆ సంస్థ రచయితల్లో చాలామందికి సంగతి వార్తల్లో చూశాకే తెలిసింది. పాత ఒప్పందాల్లోని ‘ఇప్పుడున్న, ముందు ముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అనే మాటలకు ఇంత దూరం సాగే వీలుంది. మీకు ఇష్టమా కాదా అన్నది మీ నిర్ణయం. ఒప్పందంలో మాత్రం ‘ఏఐ శిక్షణకు లైసెన్సు ఇవ్వాలంటే రచయిత అనుమతి ముందుగా తీసుకోవాలి, వచ్చిన దానిలో ఇంత శాతం రచయితకు’ అన్న స్పష్టత ఉండాలి. మీరు రాతలో ఏఐ సాయం తీసుకుని ఉంటే ఆ విషయం ఎడిటర్‌కు చెప్పండి. ఏఐ సాధనాన్ని రచయితగా చూపకూడదని ప్రచురణ నైతికతపై పనిచేసే కోప్ సంస్థ 2023లోనే తేల్చింది. గ్రంథసూచిలో ప్రతి ఎంట్రీనీ డీఓఐ (ఆ రచనకు ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి చూసుకోవాలి. ఈ సాధనాలు నిజమైన రచయిత పేరుకు, నిజమైన పత్రిక పేరుకు, లేని వ్యాసాన్ని అతికిస్తాయి. పైపైన చూస్తే అది దొరకదు.

ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటే

ఓపెన్ యాక్సెస్ అంటే పుస్తకాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకునేలా పెట్టడం. నిధులిచ్చే సంస్థల నిబంధనలు ముందు చదవాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ డబ్బుతో జరిగిన పరిశోధన నుంచి వచ్చే మోనోగ్రాఫులు (ఒకే అంశంపై రాసిన విద్వత్ గ్రంథాలు) 2024 జనవరి 1 నుంచి, ప్రచురణైన 12 నెలల్లోగా అందరికీ ఉచితంగా అందుబాటులోకి రావాలి. ఇలాంటి షరతు మీ గ్రాంటులో ఉందని ఒప్పందం అయ్యాక తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఖర్చు ఎవరు పెడతారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కొన్ని ప్రెస్‌లు రచయిత దగ్గరో వారి సంస్థ దగ్గరో పెద్ద మొత్తంలో రుసుము తీసుకుంటాయి. నిధులున్న విభాగాల వారికి ఇది పర్వాలేదు, మానవీయ శాస్త్రాల వారికీ సొంతంగా పరిశోధన చేసుకునేవారికీ తలకు మించిన భారం. దీనికి ప్రత్యామ్నాయంగా లైబ్రరీలు కలిసి ఖర్చు భరించే పద్ధతులు వచ్చాయి. ఎంఐటీ ప్రెస్ 2021లో మొదలుపెట్టిన డైరెక్ట్ టు ఓపెన్ అలాంటిదే, అందులో రచయిత ఏమీ కట్టనక్కర్లేదు. ఇది న్యాయమైన దారి అని మా అభిప్రాయం. రుసుము కట్టగలిగినవారికే తెరుచుకునే ఓపెన్ యాక్సెస్ పాఠకుడికి గేటు తీసి రచయితకు వేస్తుంది.

రచనను ఎవరు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బీవై ఇస్తే ఎవరైనా మీ పేరు చెప్పి తిరిగి ప్రచురించుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎన్‌సీ చేరిస్తే వాణిజ్య వాడకానికి, ఎన్‌డీ చేరిస్తే మార్పులకు మీ అనుమతి కావాలి. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుందని మరిచిపోవద్దు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఇతరుల ఫోటోలు, మ్యాపులు, కవితా పంక్తులు మీ లైసెన్సు కిందికి రావు కాబట్టి ఒక్కోదాని కింద ‘ఈ చిత్రానికి లైసెన్సు వర్తించదు’ అని రాయాలి.

అనుమతుల గురించి ఇక్కడే చెప్పాలి. ఒక పట్టిక తెరిచి బొమ్మ సంఖ్య, హక్కుదారు, అడిగిన తేదీ, జవాబు, షరతులు, క్రెడిట్ వాక్యం అని ఆరు గడులు పెట్టుకోండి. అడిగేటప్పుడు అచ్చు, ఇ-బుక్, అన్ని దేశాలు, అన్ని భాషలు, పుస్తకం ఉన్నంతకాలం అని స్పష్టంగా రాయండి. ‘మొదటి ముద్రణ, 500 ప్రతులు’ అని వచ్చిన అనుమతి ఇ-బుక్‌కు పనికిరాదు. జవాబు రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి రాతప్రతి పీర్ రివ్యూలో ఉండగానే మొదలుపెట్టండి.

సొంతంగా వేసుకునేటప్పుడు

ఐఎస్‌బీఎన్ మీ దేశపు ఏజెన్సీ నుంచి మీ ప్రచురణ సంస్థ పేరు మీదే తీసుకోండి. 13 అంకెల ఈ సంఖ్య ఒక్కో రూపానికి ఒక్కోటి కావాలి: పేపర్‌బ్యాక్‌కు ఒకటి, హార్డ్‌బౌండ్‌కు ఒకటి, ఈపబ్‌కు (ఇ-బుక్ ఫైలు రూపం) ఒకటి. అమెజాన్ సొంత ప్రచురణ వేదిక కేడీపీ ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ తీసుకుంటే ప్రచురణకర్త గడిలో ‘ఇండిపెండెంట్లీ పబ్లిష్డ్’ అని పడుతుంది, ఆ సంఖ్యను ఇంకో చోట వాడుకోలేరు. ఇంకో సంగతి, కేడీపీ సెలెక్ట్ అనే పథకంలో ఇ-బుక్ చేరిస్తే 90 రోజులపాటు అది ఇంకెక్కడా డిజిటల్ రూపంలో ఉండకూడదు. లైబ్రరీలకు ఇవ్వాలనుకున్నా, ఓపెన్ యాక్సెస్ పీడీఎఫ్ పెట్టాలనుకున్నా ఆ గడిలో టిక్కు పెట్టవద్దు.

చాలామంది అమెజాన్ అమ్మకాలకు కేడీపీని, మిగతా దుకాణాలకు, లైబ్రరీలకు పంపిణీ సంస్థ ఇన్‌గ్రామ్ నడిపే ఇన్‌గ్రామ్‌స్పార్క్‌ను వాడతారు. ఇది మంచి పద్ధతే. అయితే కేడీపీలో ఎక్స్‌పాండెడ్ డిస్ట్రిబ్యూషన్ (అమెజాన్ బయటి దుకాణాలకూ కేడీపీయే పంపే ఎంపిక) ఎంచుకోకూడదు. ఎంచుకుంటే అదే ఐఎస్‌బీఎన్ ఇన్‌గ్రామ్ దగ్గర చిక్కుల్లో పడుతుంది.

ఇక పుట లెక్క. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పుస్తకం సైజు 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు. కేడీపీ క్రీమ్ రంగు కాగితం ఒక్కో పుటకు 0.0025 అంగుళాల మందం. 296 పుటలైతే పుస్తకం వెన్ను 0.74 అంగుళాలు. అట్ట ఫైలు మొత్తం వెడల్పు అంటే రెండు అట్టలు 12, వెన్ను 0.74, రెండు పక్కలా బ్లీడ్ (అంచు కత్తిరింపుకు వదిలే అదనపు భాగం) 0.125 చొప్పున 0.25, కలిపి 12.99 అంగుళాలు. ఎత్తు 9.25. డిజైనర్ ఈ కొలతలతో అట్ట పూర్తిచేశారు.

తర్వాత ఇండెక్స్ వచ్చింది, 12 పుటలు. మొత్తం 308. వెన్ను 0.77కు పెరిగింది, అట్ట మళ్లీ సర్దాలి. అసలు దెబ్బ అది కాదు. 300 పుటల వరకు లోపలి అంచు (వెన్ను వైపు వదిలే ఖాళీ) కనీసం 0.5 అంగుళం ఉంటే చాలు, 300 దాటితే 0.625 కావాలి. అంచు పెంచితే వాక్యాలు పక్కకు జరుగుతాయి, పుటలు మారతాయి. అప్పుడు పాత పుటలు చూసి చేసిన ఇండెక్స్‌లో అంకెలన్నీ తప్పులే. కట్టిన డబ్బు, పట్టిన వారాలు మళ్లీ మొదటికొస్తాయి. దీనికి విరుగుడు చాలా తేలిక. ఇండెక్స్ సాధారణంగా పుటల్లో 3 నుంచి 5 శాతం తీసుకుంటుంది. కూర్పు మొదలుపెట్టే ముందే ఆ అంచనా కలుపుకుని, మొత్తం హద్దుకు 20 పుటల దగ్గర్లో ఉంటే పై తరగతి అంచునే పెట్టేయండి. అట్ట ఫైలును ఆఖరి పుటల సంఖ్య తేలాకే తయారుచేయండి. కేడీపీ, ఇన్‌గ్రామ్‌స్పార్క్ వాడే కాగితం మందం ఒకటి కాదు కాబట్టి ఒకే పుస్తకానికి రెండు అట్ట ఫైళ్లు కావాలి.

ధర నిర్ణయించేటప్పుడు వెనుక నుంచి లెక్క వేయండి. ముద్రిత ధర 100, పంపిణీదారుకు తగ్గింపు 55, అచ్చు ఖర్చు 28 అయితే మీకు మిగిలేది 17. దుకాణాలు స్టాకు పెట్టుకోవాలంటే సాధారణంగా ఆ 55 శాతం తగ్గింపూ, అమ్ముడుపోని ప్రతులు తిప్పి పంపే వీలూ కావాలంటాయి. ఒక ప్రతి తిరిగొస్తే తగ్గింపు పోగా దుకాణం కట్టిన 45 మీ ఖాతా నుంచి పోతుంది. అంటే వచ్చిన 17 పోగా ఇంకో 28 మీ చేతి డబ్బు. ఒక దుకాణం 200 ప్రతులు తెప్పించుకుని 150 తిప్పి పంపితే చిన్న ప్రచురణ సంస్థ ఆ ఏడాది కోలుకోదు. మొదటి ఏడాది ‘తిరిగి తీసుకోం’ అని పెట్టడమే క్షేమం. పరిశోధన పుస్తకానికి పాఠకులు దుకాణంలో తారసపడేది తక్కువ, వెతుక్కుంటూ వచ్చేవారే ఎక్కువ.

ఫైళ్లు

బొమ్మ 4.5 అంగుళాల వెడల్పున అచ్చవ్వాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1350 పిక్సెళ్లు ఉండాలి. వెబ్‌సైటు నుంచి దించుకున్న 800 పిక్సెళ్ల ఫోటో స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, కాగితం మీద మసకబారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో పిక్సెళ్లు పెంచినంత మాత్రాన అందులో లేని వివరం రాదు. గీతలతో గీసిన చిత్రాలు, గ్రాఫులైతే ఎంత పెద్దవి చేసినా మసకబారని వెక్టర్ రూపంలోనే ఇవ్వండి.

లాటిన్ కాని లిపుల్లో పుస్తకం వేసేవారికి ఒక పరీక్ష. పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి టెక్స్ట్ ఎడిటర్‌లో అతికించండి. ఒత్తులు, గుణింతాలు చెదరకుండా వస్తే సరే. పిచ్చి గుర్తులు వచ్చాయంటే పుస్తకం యూనికోడ్ కాని పాత ఫాంటులో కూర్చారన్నమాట. అందులో వెతుకులాట పనిచేయదు, ఈపబ్ చేయలేరు, చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది అర్థంకాని గీతలే. కూర్పు దశలోనే యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్చాక మొత్తం మళ్లీ ప్రూఫు చదివించండి.

యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చాక ఐరోపా సమాఖ్యలో అమ్మే ఇ-బుక్‌లు వికలాంగులు వాడుకునేలా ఉండటం చట్టబద్ధమైన అవసరమైంది. చట్టం సంగతి అటుంచినా, చదవాలనుకున్న మనిషికి చదవడం కుదరని పుస్తకాన్ని బయటికి పంపకూడదు. శీర్షికలను కేవలం అక్షరాలు పెద్దవి చేసి కాకుండా హెడింగ్ స్టైళ్లతో గుర్తించండి. ప్రతి బొమ్మకూ ప్రత్యామ్నాయ పాఠ్యం రాయండి. ‘గ్రాఫు’ అని రాస్తే ఉపయోగం లేదు, గ్రాఫు ఏం చూపిస్తోందో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. పట్టికలను ఫోటోలుగా పెట్టొద్దు. పూర్తయిన ఈపబ్‌ను ఈపబ్‌చెక్ అనే సాధనంతో, డైసీ సంస్థవారి యాక్సెసిబిలిటీ సాధనం ఏస్‌తో పరీక్షించండి. రెండూ ఉచితమే. ఏస్ తప్పులేమీ చూపలేదంటే సగం పనే అయినట్టు: బొమ్మకు వివరణ ఉందో లేదో అది చెప్పగలదు, ఆ వివరణ సరైనదో కాదో మీరే చూసుకోవాలి.

మెటాడేటా

పుస్తకం వెతుకులాటలో కనబడాలంటే పేరు, రచయిత, విషయం లాంటి వివరాలన్నీ (మెటాడేటా అంటే ఇవే) పుస్తకంతోపాటు ప్రయాణించాలి. దుకాణాలకు, పంపిణీదారులకు ఈ వివరాలు ప్రామాణిక పద్ధతిలో ఉండే ఓనిక్స్ ఫైలు వెళ్తుంది. సొంతంగా వేసుకునేవారికి ప్లాట్‌ఫాంలోని ఫారమే ఆ పని చేస్తుంది. అందులో ఐచ్ఛికమని ఉన్న గడులు కూడా నింపండి. థీమా లేదా బైసాక్ విషయ కోడ్‌లలో ‘చరిత్ర’ అని పైపైన ఆగిపోకుండా ఎంత లోతు కోడ్ దొరికితే అంత లోతుకు వెళ్లండి. పరిచయ వాక్యాల్లో మొదటి రెండూ ముఖ్యం, చాలాచోట్ల తెర మీద కనిపించేది అవే. ఆ రెండింటిలో అంశం, కాలం, ప్రాంతం వచ్చేయాలి.

విద్వత్ గ్రంథానికి డీఓఐ తప్పనిసరి అనుకోండి. డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థలో సభ్యత్వం ఉన్న ప్రచురణకర్త పుస్తకానికే కాక ఒక్కో అధ్యాయానికీ డీఓఐ ఇవ్వగలడు. అధ్యాయానికి సొంత డీఓఐ, సొంత సారాంశం ఉంటే పత్రికా వ్యాసంలాగే అదీ వెతుకులాటలో దొరుకుతుంది, ఉటంకింపులూ లెక్కలోకి వస్తాయి. సంకలన గ్రంథాలకు ఇది మరీ అవసరం. రచయితల ఓర్కిడ్ (పరిశోధకుడి గుర్తింపు) సంఖ్యలు కూడా జత చేయండి, ఒకే పేరున్న ఇద్దరి రచనలు కలిసిపోకుండా ఉంటాయి. ఓపెన్ యాక్సెస్ పుస్తకమైతే అలాంటి పుస్తకాల జాబితా అయిన డీఓఏబీ డైరెక్టరీలో చేర్పించండి. అక్కడ పీర్ రివ్యూ జరిగిందన్న ఆధారం అడుగుతారు, సమీక్ష విధానాన్ని ప్రచురణకర్త వెబ్‌సైట్‌లో ముందే రాసి పెట్టాలి.

సమీక్షలకు ప్రతులు విడుదలకు మూడు నాలుగు నెలల ముందే పంపాలి. విద్వత్ పత్రికల్లో సమీక్ష రావడానికి ఏడాది రెండేళ్లు పట్టినా కంగారు పడొద్దు.

విడుదలయ్యాక అచ్చుతప్పులు కనిపిస్తాయి. వాటిని దిద్ది ఫైలు మార్చుకోవచ్చు, పాత ఐఎస్‌బీఎన్ అలాగే ఉంచాలి. మారిన తేదీ కాపీరైట్ పుటలో వేయండి. అధ్యాయం చేర్చినా, వాదన మార్చినా, పుటల సంఖ్యలు జరిగేంతగా తిరగరాసినా అది కొత్త ముద్రణ కాదు, కొత్త కూర్పు (ఎడిషన్). దానికి కొత్త ఐఎస్‌బీఎన్, కొత్త డీఓఐ కావాలి. లేకపోతే పాత ప్రతి చూసి ఎవరో ఉటంకించిన 143వ పుటలో ఆ వాక్యం ఇంకొకరికి దొరకదు.